హస్తకంపము

వాద్యము ముందు కూర్చున్నవారి చేతులు వణకుట దోషమా, వ్యాధియా, లేక ఈ రెండునుగాని మఱియొకటియా? ప్రశ్న చిన్నదిగా దోచును. లోకమున నిన్ని కష్టములుండగా పియానో మెట్లమీద వ్రేళ్లు వణకుటను గూర్చి కాగితము ఖర్చుచేయుట యెందుకని కొందఱు నవ్వవచ్చును. నవ్వనిండు. ఒక పిల్ల చేయి యేల వణకుచున్నదో విచారింపబోయినచో, ఆ పిల్లకంటె ముందుగా ఆ యింటి పెద్దల మనస్సులను విచారింపవలసివచ్చును. అందుచేత నిది సంసారులందఱికిని సంబంధించిన ప్రశ్న యని నా తలంపు.

హైదరాబాదునకు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్బీనగరు వఱకు గల ప్రాంతమును ఎఱిగినవారికి అది పరీక్షల పేట యని వేఱుగ జెప్పనక్కఱలేదు. 2018వ సంవత్సరము సెప్టెంబరులో అమీరుపేటనుండి ఎల్బీనగరునకు మెట్రో రైలు నడుచుట మొదలైనది. ఆ రైలు కిటికీలోనుండి చూచినచో, మూసారాంబాగు దాటినది మొదలు మేడల నొసళ్లమీద శిక్షణాలయముల పలకలే యెక్కువగా గనబడును. ఉద్యోగపరీక్షలకు గొన్ని, కళాశాల ప్రవేశపరీక్షలకు గొన్ని. ర్యాంకులు వచ్చినవారి ముఖములు వరుసగా నచ్చువేయబడియుండును. రానివారి ముఖములు చూడగోరువారు చైతన్యపురి, కొత్తపేట సందులలోనికి బోయి, గదికి నలుగురుగా నద్దెకున్న యువకులను జూడవలయును. ఈ పేటలోనికి సంగీతమును పరీక్షగానే ప్రవేశించినది. లండనునందలి ట్రినిటీ కళాశాలవారు తమ సంగీతపరీక్షలను హైదరాబాదునందును జరపుదురు. ప్రారంభస్థాయి గాక ఎనిమిది తరగతులు, తరగతికొక యోగ్యతాపత్రము. పరీక్ష యుండుట తప్పని నేననను. నేనును బడిపంతులనే, పరీక్షలు పెట్టియే బ్రదుకుచున్నాను. అయినను, పటము గట్టి గోడకు దగిలింపదగిన పత్రము దొరకినంగాని మన గృహస్థులకు సంగీతమునందు శ్రద్ధ కుదురకుండుట చూడగా నవ్వును, విచారమును ఒక్కమాఱే కలుగును.

మా వీధిలో పండ్రెండేండ్ల బాలిక యొకతె గలదు. తండ్రి చిరుద్యోగి. జీతములో మిగిల్చి అఱువదియొక్క మెట్ల కీబోర్డు నొకదానిని కొనియిచ్చి, రెండేండ్లనుండి పాఠములు చెప్పించుచున్నాడు. సాయంకాలము మూడవ యంతస్తునుండి ఆ ధ్వని మా వసారాలోనికి వినబడుచుండును. తండ్రి ఆఫీసునుండి వచ్చి, వార్తాపత్రిక చేతబట్టుకొని ప్రక్కన గూర్చున్నంతనే ఆ ధ్వని తడబడుననుట మా వీధివారందఱకును దెలిసినదే. మొదట వణకు తండ్రి యెదుటనే యుండెను. పిదప గురువు నెదుటను వచ్చెను. తుదకు ఎవ్వరును లేనప్పుడు సైతము పట్టుకొన్నది. ఒకనాడు తల్లి మా యింటికి వచ్చి, "మాస్టారూ, గదిలో ఒక్కతే ఉన్నా చేతులు వణుకుతున్నాయిట. వాళ్ల నాన్నగారు ఇంక మాన్పించేద్దామంటున్నారు. ఇదేమైనా జబ్బంటారా?" అని యడిగినది. గుమ్మము కడ నిలిచి వినుచున్న బాలిక "మాన్పించ"ననుమాట విని తల వంచుకొన్నది. వణకుచున్న చేతులతోనైనను ఆమెకు వాయింపవలయుననియే యున్నదని ఆ తలవంపే చెప్పినది.

మొదట శరీరపు మాట. వణకని చేయి మానవులలో లేదు. చేయి చాచి, వ్రేళ్లమీద పలుచని కాగితము నొకదాని నుంచి చూడుడు, అంచు కదలుచునేయుండును. ఆరోగ్యవంతుని చేతియందును సెకనునకు ఎనిమిది మొదలు పండ్రెండు పర్యాయములు, కంటికానని సూక్ష్మకంపము ఎల్లప్పుడును గలదని శరీరశాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. భయము కలిగినప్పుడు మూత్రపిండములపై నున్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. అది గుండెను వేగిరపఱచును. కండరములందు ఆ సహజకంపమును పెద్దది చేయును. పులి యెదురైనప్పుడు పరుగెత్తుటకు ఈ యేర్పాటు మేలే. మెల్లని రాగము వాయించుటకు గాదు. కావున భయము వణకును సృష్టింపదు, ఉన్నదానిని కంటికి గనబఱచును. అలసట, నిద్రలేమి, ఆకలి, చిక్కని కాఫీ, ఉబ్బసమునకు పీల్చు కొన్ని మందులు, థైరాయిడు గ్రంథి మితిమీఱి పనిచేయుట, ఇవియు నీ పనినే చేయగలవు. వేఱు జాతి కంపములును గలవు. చేయి ఒడిలో ఊరక యున్నప్పుడు వణకి, పనిలో బెట్టినప్పుడు తగ్గుట పార్కిన్సను వ్యాధి లక్షణము. గ్లాసు పట్టినను, కలము పట్టినను వణకి, తఱచుగా వంశమున వచ్చునది మఱియొకటి. అట్టివానిని వైద్యునికి జూపవలయును. ఈ బాలికయో, నిండు గ్లాసుతో మంచినీరు చుక్క తొణకకుండ దెచ్చి యిచ్చినది.

వాద్యమునందును గొంత కారణము గలదు. పియానోకు ఎనుబదియెనిమిది మెట్లు. ఒక్కొక మెట్టు ఇంచుమించు ఒక సెంటీమీటరు లోతునకు దిగి, లోపలి సుత్తిని ఎగవేసి తీగను గొట్టించును. దానిని దింపుటకే యేబది గ్రాముల బరువు పడవలయును. బిగ్గరగా మ్రోగుటకు మఱింత బలము గావలయును. ఇండ్లలోని చిన్న కీబోర్డుల మెట్లు తేలికపాటి స్ప్రింగులమీద నుండును, తాకినంతనే పలుకును. ఇంట తేలిక మెట్లకలవాటుపడిన పిల్ల గురువుగారి యింట బరువు మెట్లమీద వాయింపవలసివచ్చినప్పుడు, వ్రేళ్ల బలము చాలక మోచేతినుండి బిగించును. బిగిసిన కండరము త్వరలో నలయును, అలసినది వణకును, వణకు నాపుటకై పిల్ల మఱింత బిగించును. ఈ చుట్టు తిరుగుడు ఎక్కడ మొదలైనదో పిల్లకు దెలియదు. తన చేయి చెడ్డదని మాత్రము నమ్మును. ఈ సంగతి గురువుగారికి దెలుపగా, ఆమె పాఠమును సగము వేగమునకు దగ్గించి, మీటిన వెంటనే చేతిని వదులుచేయుట నేర్పి, పది నిమిషములకొకసారి విశ్రాంతి నిచ్చెను. వణకు చాలవఱకు తగ్గినది. కాని పూర్తిగా బోలేదు.

మన పూర్వులును ఈ కంపమును చూచినవారే. నాట్యశాస్త్రమున భరతముని వేపథువును సాత్త్వికభావములెనిమిదింటిలో జేర్చెను. స్వేదము, రోమాంచము, అశ్రువు దాని తోబుట్టువులు. మనస్సు లగ్నముకానిదే యివి నటునికి సిద్ధింపవని యాతని మతము. అనగా వణకు మనస్సు లేనితనమునకు గాక, మనస్సు మిక్కిలిగా నుండుటకు గుఱుతు. గాండీవము చేజాఱిన పార్థుని పిఱికివాడని యనగలవారెవరు? పదుమూడవ శతాబ్దమునందలి సంగీతరత్నాకరమున శార్ఙ్గదేవుడు కంపితమును గమకములలో నొకటిగా లెక్కించెను; స్వరమును వణకించుట మన వైణికులకు అలంకారము. పియానోలో మీటిన స్వరము మఱి చేతికి జిక్కదు, దానిని వణకింపను వంపను వీలులేదు. వయొలిను మన కచేరీలలో ఇంటిబిడ్డయై, పియానో నేటికిని అతిథిగానే నిలిచిపోవుటకు ఇది యొక కారణమని నాకు దోచును. ఇది పక్కమాట, విడుతును.

వీరందఱికంటె సూటిగా జెప్పినవాడు పతంజలి. యోగసూత్రముల మొదటి పాదమున, చిత్తము చెదరినప్పుడు దానితో గూడ వచ్చునవి నాలుగని యాయన చెప్పెను: దుఃఖము, దౌర్మనస్యము, అంగమేజయత్వము, శ్వాసప్రశ్వాసములు. అంగమేజయత్వమనగా అవయవములు వణకుటయే. దానికి విరుగుడుగా వెంటనే విధించినది ఏకతత్త్వాభ్యాసము. మఱి రెండు సూత్రముల తరువాత శ్వాసను వెలికి విడిచి నిలుపుటను జెప్పెను. నేటి పియానో గురువులు "ఊపిరి వదలి మొదలుపెట్టు"మని చెప్పుట వినినప్పుడు నాకీ సూత్రమే జ్ఞప్తికి వచ్చును. భరతుడు మనస్సు మిక్కుటమనెను, పతంజలి చెదరినదనెను. రెండును నిజమే. బాలిక మనస్సు తీవ్రముగనే యున్నది. కాని సగము మెట్లమీదను, సగము తండ్రి కనుబొమలమీదను ఉన్నది.

అట్లయిన, ఎవ్వరును లేనప్పుడు వణకుటెందుకు? ఎవ్వరును లేరనుట మన భ్రాంతి. రెండేండ్లు ప్రతిదినమును ప్రక్కన గూర్చుండి "మళ్లీ తప్పు" అన్న కంఠము, ఆ మనిషి లేచిపోయినను లేచిపోదు. అభ్యాసమనగా తప్పు చేయుటకు హక్కు గల చోటు. పరీక్షలో ఆ హక్కు లేదు, ఉండనక్కఱయు లేదు. కాని దినదినమును పరీక్షయే యైన యింట పిల్లకు అభ్యాసము చేయుటకు తావెక్కడ? తలుపు వేసికొన్నను లోపల పరీక్షకుడు కూర్చుండియే యుండును.

ఇది క్రొత్త సంగతి గాదు. ఒకప్పుడు పెండ్లిచూపులనాడు కన్యను హార్మోనియము ముందు గూర్చుండబెట్టి, పదిమంది క్రొత్తవారి నడుమ పాడుమనుచుండిరి. గొంతు వణకినచో సిగ్గుగల పిల్ల యని మెచ్చుచుండిరి. వణకకున్నచో గడుసుదని గుసగుసలాడుచుండిరి. ఆ పదిమందిలో పాట వినవచ్చినవాడొక్కడైన నుండెనా? ఆ యాచారము చాలవఱకు తొలగినదని సంతోషించుచున్నాము. తొలగినది హార్మోనియము మాత్రమే. నేడు చుట్టము గడప దాటినంతనే, "అంకుల్‌కి ఒకటి వాయించి చూపించమ్మా" అను పిలుపు వినబడును. పిల్ల వచ్చి కూర్చుండును. వచ్చినవాడు ఫోను చూచుకొనుచు "బాగుంది, బాగుంది" అనును. పిల్ల విద్య తల్లిదండ్రుల గొప్పకు ఫలహారముతోబాటు పంచిపెట్టబడినది. ఆ చేతులు వణకకుండుటయే వింత.

ఆ తండ్రితో మాటలాడితిని. కఠినుడు గాడు. అతని యాక్షేపణ తేలికయైనదియు గాదు. "రేపు ఇంటర్వ్యూలో చేతులు వణికితే ఎవరూరుకుంటారు మాస్టారూ? ఇప్పటినుంచీ అలవాటు కావద్దా?" అనెను. ఈ సందులలోనే నాలుగేండ్లు గదిలో నుండి చదివి, రెండుమాఱులు ఉద్యోగపరీక్ష తప్పి, మూడవమాఱు గట్టెక్కినవాడు. కూతురు తనవలె తప్పరాదని యాతని యారాటము. నలుగురిలో వాయించుట అలవాటు కావలయుననుట నిజమే. అయితే ఈత నేర్పుటకు ముందు మోకాలిబంటి నీటిలో దింపుదుము గాని వఱదలోనికి ద్రోయము. పాఠము మొదట ఏకాంతమున పండవలయును. పిదప ఒక యాప్తుని యెదుట, ఆ పిదప ఇద్దఱి యెదుట. అప్పటికిని సభ సరిపడనివారుందురు. షోపేను తన జీవితకాలమున బహిరంగముగా వాయించినది ముప్పది కచేరీలకు మించి యంతగా నుండదు. గ్లెన్ గూల్డు 1964లో, ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున, సభావేదికను విడిచి, తరువాత వాయించినదెల్ల ధ్వనిముద్రణకే వాయించెను. వీరిని పియానో వాద్యమునుండి వెలివేయుదుమా? "మీకు కావలసినది సంగీతము వచ్చిన కూతురా, పరీక్షలో నెగ్గిన కూతురా?" అని యడిగితిని. "రెండూ" అనెను. నిజాయితీగల యుత్తరమే గనుక నేనును మఱి వాదింపలేదు.

తుదకొక యొడంబడిక కుదిరినది. సాయంకాలము అరగంటసేపు తలుపు మూసియుండును. ఆ సమయమున తండ్రి సరూరునగరు చెఱువువైపు నడకకు బోవును. ఆదివారము మధ్యాహ్నము బాలిక ఒక్క పాట వాయించును. ఎవరు వినవలయునో ఆమెయే నిర్ణయించును. మొదటి ఆదివారము నాయనమ్మను మాత్రమే పిలిచినది. తండ్రి గడప కవతల నిలిచి వినెనట.

ఇక మాత్ర సంగతి. పరీక్ష దగ్గఱపడుచుండగా, వణకు పోవుటకు మాత్ర గలదని తల్లికెవరో చెప్పిరి. గలదు. దాని పేరు ప్రొప్రానొలాల్. 1960 తరువాతి దశకమున జేమ్సు బ్లాకు అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును గుండెజబ్బులకై దానిని కనిపెట్టిరి. ఆయనకు 1988లో నోబెలు బహుమానము వచ్చినది. అడ్రినలిన్ కండరములమీదను, గుండెమీదను చేయు పనిని అది యడ్డుకొనును. ఆ జాతి మందొకటి తంత్రీవాద్యకారుల సభాభీతిని తగ్గించినదని 1977లో లాన్సెటు పత్రిక ప్రకటించినది. పదేండ్లకు పిమ్మట అమెరికా వాద్యబృందములవారిని విచారింపగా నాలుగవవంతునకు మించి యట్టి మందు వాడినట్లు చెప్పిరి. ఇది మోసమా? కాదని నా యభిప్రాయము. ఆ మాత్ర ఒక్క స్వరమునైన వాయింపదు. వాయించువాని చేతిని వానికి తిరిగి యప్పగించును, అంతే. వాద్యమే జీవనమైన పెద్దవాడు వైద్యుని యనుమతితో దానిని పుచ్చుకొన్నచో తప్పుపట్టుటకు మనమెవరము?

పిల్ల విషయము వేఱు. ఆమె వణకు ఆ యింటినిగూర్చి సాక్ష్యము చెప్పుచున్నది. మాత్రతో సాక్షి నోరు మూయించినచో అభియోగము కొట్టివేయబడును. "మళ్లీ తప్పు" అను కంఠము లోపల నట్లే యుండును, ఇకమీదట ఎవ్వరికిని వినబడకుండ నుండును. ఈ మాటలన్నియు ఆ తల్లితో చెప్పవలయుననుకొంటిని గాని అక్కఱ లేకపోయినది. పిల్లకు శీతకాలమున పిల్లికూతలతో ఆయాసము వచ్చుననియు, ఉబ్బసమున్నవారికి ఆ మాత్ర ప్రమాదకరమనియు వైద్యుడు చెప్పి పంపివేసెను. పరీక్షకింకను ఆఱు వారములున్నవి. చేతులు ఇప్పటికిని అప్పుడప్పుడు వణకుచున్నవట. మొన్నటి ఆదివారము బాలిక నాయనమ్మతోబాటు తండ్రినిగూడ పిలిచినది; వార్తాపత్రిక మాత్రము వెలుపల పెట్టి రమ్మన్నది.