మంట రాకముందే ఎరుగవలసిన స్వరం



తన గొర్రెలు తన స్వరమును ఎరుగునని మంచి కాపరియైన యేసుప్రభువు యోహాను శుభవార్త పదవ అధ్యాయంలో బోధించారు. గొర్రెలను మేపిన కుటుంబాలవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తోడేలు వచ్చిన రోజున కొత్త గొంతు పిలిస్తే మంద తలెత్తి చూడదు. ప్రతిరోజూ నీటికీ మేతకూ పిలిచిన గొంతు కనుకనే ఆపదలో దాని వెంట నడుస్తుంది. ఈ సత్యాన్ని ఈ వారం, అడవి మంటలతో పోరాడే యువకుల జీవితం నుండి ధ్యానిద్దాం.

వేసవి ముదిరితే మన నల్లమలలో ఎండుటాకులకు నిప్పంటుకోవడం మీరెరిగినదే. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ఈ బెడద ఇంకా పెద్దది. అక్కడ ఏటా ఎండాకాలంలో కొన్ని నెలల కొరకు వేలాది యువతీ యువకులను మంటలను అదుపుచేసే పనిలోకి తీసుకుంటారు. అడవిలో మంటలతో నేరుగా తలపడే జట్లలో చేరదలచినవారు 45 పౌండ్ల, అనగా సుమారు 20 కిలోల బరువు మోస్తూ 3 మైళ్ల దూరం 45 నిమిషాలలో నడవాలి. పరుగెత్తకూడదు. ఆపైన తరగతులు, కసరత్తు. సుమారు 20 మంది ఒక జట్టు. వారికి ఒక నాయకుడు.

వారి పని నీళ్లు చల్లడమేనని మనమనుకుంటాము. కొండ కొమ్మున అన్ని నీళ్లు ఎక్కడివి? మంట సాగే దారిలో గడ్డి, ఆకులు, వేళ్లు తొలగించి, ఉత్త మన్ను తేలేవరకు నేలను గీసి ఒక బాట తీస్తారు. ఒకవైపు గొడ్డలి, మరొకవైపు బాడిస వంటి అంచు గల పులాస్కీ అనే పనిముట్టు వారి చేతిలో ఉంటుంది. మేత దొరకని మంట ఆ బాట దగ్గర చల్లారాలి. ఆరిపోయిందనుకున్న తరువాత కూడా బూడిద దగ్గర చేయిపెట్టి, ఎక్కడైనా వేడి మిగిలిందేమో చూస్తారు.

అయితే కొత్తవానిని జట్టు మనిషిగా తీర్చేవి ఎక్కువగా మంట లేని రోజులే. ఆ రోజులలో కలిసి కొండలెక్కుతారు, పనిముట్లకు పదును పెడతారు, మంట లేని నేలమీదనే బాట తీయడం సాధన చేస్తారు. నాయకుని మాటను ఒకరినుండి ఒకరు అందుకొని వరుస చివరివరకు చేరవేయడం నేర్చుకుంటారు. బయటివానికి ఇది విసుగు పుట్టించే పని. దాని విలువ తెలియాలంటే ఒక విషాదాన్ని గుర్తుచేసుకోవాలి.

1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలో, మిస్సోరి నదికి ఆనుకొని ఉన్న మాన్ గల్చ్ అనే లోయలో అడవి అంటుకున్నది. మంటను ఆర్పడానికి 15 మంది విమానం నుండి పారాచూట్లతో దిగారు. అప్పటికే అక్కడ ఒంటరిగా పోరాడుతున్న అటవీశాఖ ఉద్యోగి ఒకరు వారితో కలిశారు. చాలామంది లేతవయసు యువకులు. వారి నాయకుడు వాగ్నర్ డాడ్జ్‌కు 33 ఏళ్లు. మంట లోయ దాటి, వారి దిగువన ఎండుగడ్డిలో పడి, నిట్టనిలువు వాలు మీదుగా వారిని తరిమింది. బరువైన పనిముట్లు పారవేయమని డాడ్జ్ ఆజ్ఞాపించాడు. అయినా మంటను మించి పరుగెత్తలేమని గ్రహించి, అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డిని తానే అంటించాడు. అది కాలి బూడిదైన చోటికి రమ్మని అందరినీ పిలిచాడు. ఒకసారి కాలిన నేలకు మంట మళ్లీ రాదు కదా! కాని ఎవరూ వెళ్లలేదు. డాడ్జ్ ఆ బూడిదలో బోర్లా పడుకొని బ్రతికాడు. ఇద్దరు కొండ శిఖరం దాటి తప్పించుకున్నారు. మిగిలిన 13 మంది ప్రాణాలు కోల్పోయారు.

వారిని తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. అటువంటి ఉపాయం వారి శిక్షణలో లేదు. ఆ బృందమంతా అంతకుముందు ఒకే జట్టుగా కలిసి పనిచేసినది కాదు. మంట హోరులో మాట వినబడడమే కష్టం. వినబడినా, మంటకు వెరచి పరుగెత్తేవానికి, చేతులారా మంట వెలిగించినవాని పిలుపు పిచ్చిగా తోచదా? డాడ్జ్ పిలుపు నిజమైనదే. దానిని నమ్మడానికి కావలసిన పరిచయం పెరగడానికే వారికి సమయం దొరకలేదు.

ఇటువంటి మరణాల నుండి అక్కడివారు పాఠాలు నేర్చుకున్నారు. 1957లో పది నియమాలను రూపొందించారు. 1991లో పాల్ గ్లీసన్ అనే అనుభవజ్ఞుడు నాలుగు విషయాలను ముఖ్యముగా నొక్కి చెప్పాడు: కావలి, మాటల సంబంధం, తప్పించుకునే దారి, సురక్షిత స్థలం. ఇవన్నీ మంట దగ్గరపడకముందే సిద్ధముగా ఉండాలి. ఇంత చేసినా ప్రాణానికి పూచీ లేదు. 2013 జూన్ 30న అరిజోనాలోని యార్నెల్ వద్ద, కలిసి శిక్షణ పొందిన ఒకే జట్టులో 19 మంది చనిపోయారు. శిక్షణ మృత్యువును రద్దు చేయదు. ఆపదలో మనిషిని ఒంటరిగా వదలదు, అంతే. అది చిన్న మేలు కాదు.

అరిస్టాటిల్ బాటలో అక్వీనాస్ పునీత తోమాసుగారు కూడా సుగుణమనేది మరలమరల చేసిన క్రియలవలన కుదిరే అలవాటని బోధించారు. నమ్మకమూ అంతే. అవసరం పడిన గంటలో దానిని తయారుచేసుకోలేము.

తల్లిదండ్రులారా, మీ ఇంటి సంగతి ఆలోచించండి. ఇంటర్ పరీక్ష తప్పిన రాత్రి మీ బిడ్డ ఎవరి దగ్గరికి వెళ్తాడు? పట్నంలో చెడు సావాసంలో చిక్కుకున్న కుమార్తె ఎవరికి ఫోను చేస్తుంది? ఇంటికి రా, నేనున్నాను అని ఆ రోజున మీరు మనసారా పిలవవచ్చు. కాని అంతవరకు మార్కులు అడగడానికి, మందలించడానికి మాత్రమే వినిపించిన గొంతు అయితే, ఆ పిలుపు వారికి మరొక మంటలాగే తోస్తుంది. ఫలితాలు వచ్చిన రోజులలో మన రాష్ట్రాలలో ఎన్ని ఇళ్లలో దీపాలారిపోతున్నవో మనము చూస్తూనే ఉన్నాము. ఆ తల్లిదండ్రులను నిందించవద్దు. వారి కొరకు ప్రార్థించుదము. మన ఇంట్లో మాత్రం మంట లేని రోజులను వృథా చేయవద్దు.

రాత్రి భోజనం కలిసి చేయండి. కుటుంబ జపమాల పది నిమిషాలైనా కలిసి చెప్పండి. బిడ్డ ఓడిపోయిన చిన్న ఆట గురించి కోపగించక వినండి. గొడవ పడిన రోజున, చల్లారిందనుకొని పడుకోక, బూడిదలో చేయిపెట్టి చూసినట్లు, మనసులో ఇంకా వేడి ఉన్నదా అని ఒకరినొకరు అడగండి. జ్ఞానతల్లిదండ్రులారా, మీరు జ్ఞానస్నానమునాడు పట్టుకున్న ఆ బిడ్డతో ఈ నెలలో ఒకసారైనా మాట్లాడండి.

ప్రభువుతో కూడ మన పరిచయం ఇట్లే పెరుగుతుంది. సిలువ వైపు రమ్మని ఆయన పిలిచినప్పుడు, అది మంటలోనికి రమ్మన్నట్లే ఉంటుంది. అనుదినము ప్రార్థనలో ఆయన స్వరమును ఎరిగినవారు, ఆయన ముందుగా నడిచిన చోటనే మనకు ఆశ్రయమున్నదని నమ్మి అడుగు వేస్తారు.

మంచి కాపరియైన ప్రభువు మీ కుటుంబములను దీవించి కాపాడునుగాక. ఆమెన్.