ఘాట్ దిగి చూడు

అరకులో టూరిస్టులను తిప్పి బతుకుదామనుకున్న ఒక కుర్రాడికి పాత బండి కావలసి వచ్చింది. కొత్తదానికి డబ్బు చాలదు, ఇంకొకరి బండికి డ్రైవరుగా ఉండి ఉండి విసుగెత్తింది. ఒక రిసార్ట్ యజమాని తన ఏడు సీట్ల డీజిల్ బండి అమ్మేస్తున్నాడని తెలిసి, వరసకు మామయ్య అయ్యే ముసలి మెకానిక్‌ని వెంటబెట్టుకుని తెల్లవారుజామునే వెళ్లాడు.

డిసెంబరు చలి. బయట నిలిపిన బండ్లన్నీ మంచుకు తడిసి ఉన్నాయి. ఈ బండి బానెట్ మాత్రం పొడిగా, వెచ్చగా ఉంది.

"మావా, మనకోసమే వేడి చేసి ఉంచేరు. చల్లగా ఉంటే స్టార్ట్ అవదేమో" అన్నాడు కుర్రాడు చెవిలో.

మెకానిక్ వాచ్‌మన్‌ని అడిగాడు. గెస్టులు చలికి ఇబ్బంది పడకుండా రోజూ ఇలాగే తెల్లారకముందే స్టార్ట్ చేసి ఉంచుతామన్నాడు వాచ్‌మన్. "అయితే రేపు మేం వచ్చేదాకా తాళం పెట్టకు బాబూ" అని మెకానిక్ ఇంటిదారి పట్టాడు.

మర్నాడు బానెట్ మీద మంచునీళ్లు కారుతుండగా తాళం తిప్పితే ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. కాస్త పొగ వచ్చి తేలిపోయింది. అనుమానం అక్కడితో తీరింది.

ఇక కుర్రాడు తనకు తెలిసిన పరీక్షలన్నీ చేశాడు. టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూసి ఏ ఏడాది ఏ వారంలో తయారైందో లెక్కగట్టాడు. తలుపుల మీద అయస్కాంతం అంటించి, డెంటు పూడ్చి పెయింట్ కొట్టిన చోటేమైనా ఉందేమోనని వెతికాడు. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చాడు. అన్నీ బాగున్నాయి. యజమానినీ మెకానిక్‌నీ ఎక్కించుకుని గాలికొండ వ్యూపాయింట్ దాకా తానే నడిపాడు. ఎత్తంతా బండి ఎక్కడా రొప్పకుండా లాగేసింది. కుర్రాడి చెయ్యి బయానా డబ్బున్న జేబు మీదికి పోయింది.

"ఎక్కడం చూశాం. అనంతగిరి వైపు కొంచెం దిగుదామండి" అన్నాడు మెకానిక్.

"అటూ ఇదే రోడ్డు కదా మేస్త్రీ!"

"రోడ్డు అదేనండి. బండే వేరవుద్ది."

ఈసారి స్టీరింగ్ మెకానిక్ పట్టాడు. రెండో గేరులో, బ్రేకు ముట్టకుండా రెండు మలుపులు దింపాడు. ఇంజను హూంకరిస్తూ బండిని పట్టి ఆపింది, గేరు ఎగిరిపడలేదు. తర్వాత గేరు పెంచి, బ్రేకు మీదే దించడం మొదలుపెట్టాడు. పెడల్ పాదం కింద వణికింది. స్టీరింగ్ కూడా అదిరింది. కింది మలుపులకొచ్చేసరికి పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోంది, కారు నిండా మాడు వాసన. మెకానిక్ చప్పున రెండో గేరు వేసి, కాఫీ తోట పక్కన సిల్వర్ ఓక్ చెట్ల కింద బండి ఆపాడు.

ముందు చక్రాల సందుల్లోంచి చూస్తే డిస్కులు నీలం తిరిగి ఉన్నాయి. కుర్రాడు నీళ్ల సీసా తీశాడు.

"పొయ్యకురా, పగులుద్ది. దానంతట అదే చల్లారనీ" అని, మెకానిక్ యజమాని వైపు తిరిగాడు. "మీ డ్రైవరు దిగుడులో న్యూట్రల్ చేసేవాడాండి?"

యజమాని కొంచెంసేపు మాట్లాడలేదు. "నేనెప్పుడూ వెనక సీట్లోనే కూర్చున్నాను మేస్త్రీ. డీజిల్ బాగా ఆదా చేస్తాడని పండక్కి వాడికి బట్టలు కూడా పెట్టాను."

"ఆదా చేశాడండి. ఆ డబ్బంతా ఇదిగో, ఈ డిస్కుల్లో ఉంది."

కుర్రాడు బండి వద్దన్నాడు. మెకానిక్ గదమాయించాడు. "ఇంజను బాగుంది, గేరుబాక్స్ బాగుంది. డిస్కులు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్చాలి, చక్రాల బేరింగులు విప్పి చూడాలి. ఆ ఖర్చు తగ్గించి అడుగు." యజమాని తగ్గించాడు. బేరం కుదిరింది.

నీతి: ఈ కథలో అబద్ధమాడిన వాళ్లెవరూ లేరు. కుర్రాడు మోసం కోసం వెతికాడు కాబట్టి వెచ్చటి బానెట్ మీద అనుమానపడి, చక్కగా ఎక్కిన బండిని నమ్మేశాడు. లోపం ఎవరూ దాచని చోట ఉంది. అమ్మే మనిషి నిజాయితీపరుడైనా, తాను కూర్చున్న సీటులోంచి కనిపించినంతే చెప్పగలడు. అందుకే ఓనరును అడిగినంత వివరంగా బండి నడిపిన మనిషినీ అడగాలి. ఆ మనిషి దొరక్కపోతే రోడ్డును అడగాలి. విజయవాడలోనో కాకినాడలోనో తిరిగే బండికి ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. కొండ మీద అది ప్రాణాంతకం. డిస్కుల వేడి బ్రేక్ ఆయిల్‌కీ పాకుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, కాలు ఎంత తొక్కినా ఒత్తిడి చక్రం దాకా పోదు. మంచు, వాన ఎక్కువగా ఉండే ఊళ్లో తిరిగిన బండికి ఆ ఆయిల్ ఎప్పుడు మార్చారో ముందే అడగాలి.

మామయ్య చూడని సంగతి ఒకటుంది, కాగితాలు. ఆ బండిది తెల్ల నంబరు ప్లేటు. దానితో టూరిస్టులను కిరాయికి తిప్పకూడదు. రవాణా శాఖ దగ్గర ట్యాక్సీగా మార్పించి, పర్మిట్ తీసుకుని, పసుపు ప్లేటు పెట్టాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 ఉండాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉందేమో ఎం-పరివాహన్ యాప్‌లో ముందే చూసుకోండి. ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు సంతకం పెట్టిన ఫారం 35 చేతికి వచ్చేదాకా, అమ్మేది ఎంత మంచివాడైనా సరే, డబ్బు మొత్తం ఇవ్వకండి.