హద్దులకు కాపలా ఎవరు?

ఆఫ్రికాలోని నైజీరియా దేశపు ఉత్తర భాగంలో, కెబ్బీ రాష్ట్రంలో ఆర్గుంగు అనే ఊరుంది. అక్కడి ప్రజల్లో అధికభాగం ముస్లింలు. మాట్లాడే భాష హౌసా. ఊరి పక్కనున్న మతన్ ఫడా నదిలో ఫిబ్రవరి, మార్చి రోజుల్లో చేపలు పట్టే పోటీ జరపడం వారి ఆనవాయితీ. మధ్యలో భద్రతా కారణాల వల్ల దాదాపు పదేళ్ళపాటు ఆగిపోయి, 2020 మార్చిలో తిరిగి జరిగింది. 2016లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

ఈ పోటీ తీరు వినదగినది. వేలాదిమంది ఒడ్డున బారులు తీరి నిలబడతారు. సంకేతం అందగానే ఒక్కసారిగా నీళ్ళలోకి ఉరుకుతారు. వారి దగ్గర ఉండేది చేతివల, ఒక పెద్ద సొరబుర్ర. ఆ సొరబుర్రే మనిషిని నీటిమీద తేలుస్తుంది, పట్టిన చేపను వేసుకోవడానికీ అదే ఆధారం. మరపడవల్లేవు, యంత్రాల్లేవు. ధనికుడైనా పేదవాడైనా ఆ రెండు చేతులే. సుమారు ఒక గంట వ్యవధిలో అందరికంటే బరువైన చేపను పట్టినవాడు విజేత. వారు ‘గివాన్ రువా’ అని పిలుచుకునే చేప ఒకటుంది. ఆ మాటకు ‘నీటి ఏనుగు’ అని అర్థం. 2005లో గెలిచిన చేప 75 కిలోలు తూగింది. దాన్ని తక్కెడ మీదికి ఎత్తడానికి నలుగురు మనుషులు అవసరమయ్యారు! (చేపల్ని బెదరగొట్టడానికి పడవల్లో డప్పులు మోగిస్తారు. వాయిద్యాల చర్చ నేనిక్కడ ఎత్తదలచుకోలేదు, దాని చోటు వేరు.)

ఈ పోటీ పుట్టుక కూడా గమనార్హమే. ఉస్మాన్ దాన్ ఫోదియో 1804లో లేవనెత్తిన ఉద్యమం నుండి సొకోటో ఖిలాఫత్ వెలిసింది. దానికీ, కెబ్బీ రాజ్యానికీ మధ్య తరతరాల వైరం నడిచింది. ఇరుపక్షాలవారూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారే! 1934లో సొకోటో సుల్తాన్ ఆర్గుంగుకు విచ్చేసినప్పుడు, ఆ వైరం ముగిసిందనడానికి గుర్తుగా ఈ పోటీని ఏర్పాటుచేశారు.

అయితే నన్ను ఆలోచనలో పడవేసింది పోటీ జరిగే ఆ ఒక్క గంట కాదు, మిగిలిన సంవత్సరమంతా. పోటీ రోజు వచ్చేవరకూ ఆ నీటిలో వేట నిషిద్ధం. ‘సర్కిన్ రువా’, అంటే నీటికి పెద్ద అనే హోదా గల వ్యక్తి దాన్ని కనిపెట్టి ఉంటాడు. ఒడ్డునే కాపురముండే మనిషి తన కళ్ళెదుట చేప ఎగిరిపడుతుంటే చూస్తాడు, వల మాత్రం విసరడు. ఆ ఆగడానికి అల్లాహ్ దగ్గర విలువెంత? కాపలావాడికి జడిసి ఆగితే చేప బతికింది, ఊరికి మేలు జరిగింది, అంతవరకు సంతోషమే. మరి ఎవరూ చూడని రాత్రి కూడా ఆగినవాడి సంగతి వేరు కాదా?

మా మద్రసాలో అల్ ఆరాఫ్ సూరా పాఠం నడుస్తుండగా ఈ ప్రశ్నే మరో రూపంలో ఎదురైంది. సముద్ర తీరాన ఉన్న ఒక ఊరివారి వృత్తాంతం అందులో ఉంది. ఆ ఊరు ఎర్రసముద్రపు ఒడ్డునున్న ఐలా అని చాలామంది వ్యాఖ్యాతల మాట. శనివారం వేట వారికి నిషేధించబడింది. పరీక్షగా చేపలు ఆ రోజునే పైకి తేలి వచ్చేవి, మిగతా రోజుల్లో కనిపించేవి కావు. వారు ముందుగానే గుంటలు తవ్వి, వలలు పన్ని ఉంచి, చిక్కిన చేపల్ని ఆదివారం తీసుకునేవారని తఫ్సీర్లలో ఉంది. ఒక కుర్రవాడు లేచి అడిగాడు: “మౌలానా సాబ్, శనివారం వాళ్ళు చేపను ముట్టుకోనే లేదు కదా, మరి హద్దు ఎక్కడ దాటినట్టు?”

నేనతనికి ఆర్గుంగు సంగతి చెప్పాను. “పోటీకి ముందు రాత్రి ఒకడు నీళ్ళలోకి దిగి, పెద్ద చేప ఒకటి ఎటూ పోకుండా చుట్టూ వల కట్టి వచ్చాడనుకో. మర్నాడు అందరితోపాటు దూకి, సరిగ్గా ఆ గంటలోనే, తన చేతులతోనే దాన్ని పైకి తీశాడు. గెలిచినట్టేనా?” తరగతంతా నవ్వింది. “దొంగ!” అన్నాడు ఆ కుర్రవాడే.

దీన్నే మన ధర్మ పండితులు ‘హీలా’ అంటారు. ప్రతి ఉపాయమూ చెడ్డది కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ఖైబర్ నుండి మేలురకం ఖర్జూరాలు తెచ్చిన వ్యక్తి, రెట్టింపు నాసిరకం ఇచ్చి వాటిని మార్చుకున్నానన్నప్పుడు దైవప్రవక్త (స) అతణ్ణి వారించి, నాసిరకాన్ని డబ్బుకు అమ్మి, ఆ డబ్బుతో మేలురకం కొనమని దారి చూపారు. అది హరామ్ నుండి బయటపడే ద్వారం. శనివారపు గుంట అలా కాదు, అది హరామ్ లోకే దొడ్డిదారి. బాహాటంగా పాపం చేసేవాడికి తాను పాపినన్న ఎరుకైనా ఉంటుంది, ఒకనాటికి తౌబా చేసుకుంటాడు. గుంట తవ్వినవాడు దేనికని తౌబా చేస్తాడు? తన లెక్కలో అతడు విధేయుడే.

ఆ ఊళ్ళో ఇంకొక వర్గం ఉంది. గుంటలు తవ్వలేదు, తవ్వేవారిని వారించనూ లేదు. పైగా, నాశనమయ్యేవారికి బోధ దేనికని వారించేవారినే అడిగారు. వీరి గతి ఏమైందో ఖుర్ఆన్ విడమరచి చెప్పలేదు. ఆ ఆయతుల దగ్గర హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) కన్నీరు పెట్టుకున్నారని ఉల్లేఖనం. అప్పుడు శిష్యుడు ఇక్రిమా, వారు ఆ పనిని మనసులో అసహ్యించుకున్నారు కదా అని నచ్చజెప్పగా, ఆయన సంతోషించి అతనికి వస్త్రాలు బహూకరించారు.

ఈ పాఠం చెప్పిన రోజు ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. నా నికాహ్ నాటికి నా చేతిలో సనద్ ఉంది. జోడా డబ్బు వద్దని మా పెద్దలు కచ్చితంగా చెప్పారు. కానీ పెళ్ళికి ముందు రోజు ఆటోట్రాలీలో మంచం, ఇనుప బీరువా, ఫ్రిజ్ దిగాయి. “మేం అడగలేదు, వాళ్ళు సంతోషంగా ఇచ్చారు, తోహ్ఫా” అన్నారు ఇంట్లో. నేనేమీ అనలేదు. మా మామగారు వాటికోసం చేసిన అప్పు తీర్చడానికి నాలుగేళ్ళు పట్టిందని తరువాత తెలిసింది. ఇక్రిమా చెప్పిన జవాబు నాకు వర్తిస్తుందేమోనని వెతుక్కున్నాను. ఆ రోజు నేను మనసులోనైనా అసహ్యించుకున్నానా? ఎంత గుర్తు చేసుకున్నా, ఫ్రిజ్ ఏ మూల పెట్టాలా అని చూడటమే గుర్తొస్తోంది.