ఖాళీ గుల్లలు

అన్నంభట్టు తన తర్కసంగ్రహములో పదార్థములను ఏడింటిని లెక్కించుచు, ద్రవ్యగుణకర్మాదులన్నియు ముగిసిన పిమ్మట చిట్టచివర అభావమునకు కూడ ఒక పీట వేసినాడు. లేకపోవుట యనునది కూడ ఒక పదార్థమే యనియు, దానిలో నాలుగు విధములు కలవనియు ఆ తెలుగు పండితుడు చెప్పిన మాట, చిన్ననాడు తర్కపాఠము వల్లించు కాలమున నాకు కేవలము పండితవినోదముగా తోచెడిది. కుండ పుట్టుటకు ముందున్న కుండ లేమి ప్రాగభావము. దానికి ఆది లేదు, అంతము కలదు. కుండ పగిలిన పిదప మిగులు లేమి ప్రధ్వంసాభావము. దానికి ఆది కలదు, అంతము లేదు. ఈ రెండు లేములును కంటికి ఒక్కతీరుగనే కనబడినప్పుడు వానిని వేరుపరచుట యెట్లను ప్రశ్న నాకు గ్రంథములలో గాక, టెక్సాసు రాష్ట్రమున డల్లాసు శివారులో, మా మేనల్లుని కారుషెడ్డు గచ్చుపై కూర్చుండి, కాల్చివేసిన తూటాల ఇత్తడి గుల్లలను ఏరుచుండగా ఎదురయ్యెను.

అతడు మొన్నటివరకు హైదరాబాదులో మాయింటికి కూతవేటు దూరమున, రాయదుర్గము మెట్రో స్టేషను చెంతనున్న గాజుమేడలలో ఒకదాన పనిచేసి, ఆపైన డల్లాసు శాఖకు బదిలీయై పోయినవాడు. అక్కడ అబ్బిన వ్యసనమేమనగా, సెలవునాడు షూటింగ్ రేంజికి పోయి, తనివితీర కాల్చి, నేలరాలిన గుల్లలను, ఆ రేంజివారు అనుమతించినంత మేరకు, బకెట్టులో నింపుకొని ఇంటికి తెచ్చుకొనుట. తూటాలో ఖరీదైన భాగము సాధారణముగా ఆ ఇత్తడి గుల్లయే గనుక, అది పగులనంతవరకు దానిలో మరల నిప్పు పుట్టించు ప్రైమరును, మందును, గుండును అమర్చి వాడుకొనుట ఆ దేశమున కొందరు గృహస్థులకు అలవాటు. సొంత వాడుకకైనచో అక్కడి కేంద్రప్రభుత్వపు లైసెన్సు కూడ అక్కరలేదు.

బకెట్టును గచ్చుపై బోర్లించినప్పుడు నాకు కనబడినది ఒక పచ్చని రాశి; అతనికి కనబడినవి జాతులు. ముందుగా అయస్కాంతమును త్రిప్పి ఉక్కు గుల్లలను లాగివేసినాడు. తెల్లగా, తేలికగా నున్న అల్యూమినియపు గుల్లలను నా వంతు చేసినాడు. మిగిలినవానిని ఒకదానిపై నొకటి పేర్చిన ప్లాస్టిక్ జల్లెడలలో పోసి కుదుపగా, .45 రకము పైజల్లెడలోను, .40 దాని క్రిందను, 9 ఎం.ఎం. మరింత క్రిందను నిలిచినవి. “జల్లెడను మరీ నమ్మకండి మామయ్యా, ఒకదాని కడుపులో ఒకటి దూరి కూర్చుంటాయి” అని అతడు ఒక .45 గుల్లను నా అరచేతిలో దులుపగా, దాని నోటినుండి .40 గుల్లయు, దాని నోటినుండి 9 ఎం.ఎం. గుల్లయు మసితో సహా జారిపడినవి. ఇంతకన్న చిక్కైనది 9 ఎం.ఎం., .380 అను దాయాదుల తగవు. మొదటిదాని గుల్ల పొడవు 19.15 మిల్లీమీటర్లు, రెండవదానిది 17.3, గుండ్ల వ్యాసము మాత్రము దాదాపు ఒక్కటే. రెండు మిల్లీమీటర్లకు లోబడిన ఈ భేదమును కన్ను ఏమరినచో, ఒకదానికి తగిన మందు మరొకదానిలో పడి, తుపాకికిని పట్టిన చేతికిని ముప్పు తెచ్చును.

రైఫిలు గుల్లల విషయమున, బయటి కొలతలన్నియు కుదిరిన పిమ్మట కూడ, నోటిలోనికి వెలుగు పట్టి తొంగిచూడవలసియున్నది. అడుగున నడిమధ్య ఒకే రంధ్రమున్నచో అది బాక్సరు పద్ధతి. సన్నని కడ్డీతో పాత ప్రైమరును సులువుగా నెట్టివేయవచ్చును. నడుమ చిన్న మిట్టయు, దాని ప్రక్కన సన్నని రంధ్రములు రెండును ఉన్నచో అది బెర్డను పద్ధతి. అచ్చట కడ్డీ విరుగునే గాని పని జరుగదు. 1866 ప్రాంతమున ఈ రెండింటిని కల్పించినవారిలో బాక్సరు ఆంగ్లేయుడు, బెర్డను అమెరికావాడు. అయినను అమెరికా ఆంగ్లేయుని పద్ధతిని చేపట్టినది. ఐరోపాఖండము చాలవరకు అమెరికావాని పద్ధతిని వరించినది. ఇంట ఆదరములేని ప్రజ్ఞకు పొరుగూర పీఠము దొరకుట మనవారికి క్రొత్త సంగతి కాదు.

తిరిగివచ్చిన తరువాత ఈ విద్యను మనయూర వెదకిచూచితిని. గచ్చిబౌలి యొద్ద, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు చెంత, 2002 జాతీయక్రీడల కొరకు కట్టిన షూటింగ్ రేంజి కలదు. అచ్చట మరల నింపుటకు ఏరదగిన కుప్పలు నాకు కనబడలేదు. లండను ఒలింపిక్సులో, 2012లో, గగన్ నారంగు కాంస్యము గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు గాలితో పనిచేయునది. సీసపు గుళిక పోవుటయే గాని వెనుక రాలునది ఏదియు లేదు. మన ఈషా సింగు 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో జట్టుతో స్వర్ణమును, వ్యక్తిగతముగా రజతమును గెలిచిన 25 మీటర్ల పిస్తోలుకు .22 తూటా వాడుదురు. దానిలో ప్రైమరు పదార్థము వేరు గిన్నెలో నుండక గుల్ల అంచు మడతలోనే దాగియుండును. సుత్తిమొన ఆ అంచునే నొక్కిపెట్టును గనుక అది మరల నింపుటకు పనికిరాదు. ఒక్క పేలుడుతో దాని ఆయువు తీరినది.

మా మేనల్లుడు ఏరు గుల్లల లోహము సంగతి కొంత చెప్పవలెను. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగము కలిసిన ఆ ఇత్తడి, పేలుడువేళ పొంగి గొట్టపు గోడకు అతుకుకొని వాయువును వెనుకకు రానీయదు. మరుక్షణమున కొంచెము కుంచించుకొని బయటికి వచ్చును. పొంగిన ప్రతిసారియు కొంత గట్టిపడి, కొన్ని జన్మములకు మెడయొద్ద చీలును. మెడను సెగ చూపి మెత్తబరచినచో ఆయువు పెరుగును. అయితే ఒక్కమారైనను కాల్చకుండనే చీలిన తూటాల కథ మన దేశముదే. ఆంగ్లేయుల సేనలు వానకాలమున తూటాలను గుఱ్ఱపుసాలలలో భద్రపరచి, ఎండలు వచ్చిన పిమ్మట తెరచిచూడగా, గుండును బిగించిన చోట అనేకములు బీటలు వారియున్నవి. వాననే నిందించి ఆ జాడ్యమునకు ఋతువు పేరే పెట్టిరి. మూరు, బెకిన్‌సేలు, మాలిన్సను అను శాస్త్రజ్ఞులు 1921లో అసలు కారణము నిరూపించిరి: గుఱ్ఱముల మూత్రమునుండి లేచిన అమ్మోనియా ఆవిరి, గుల్లను సాగదీసి మలచిననాడు లోహము లోపల నిలిచిపోయిన బిగువు, ఈ రెండును కలిసినచోటనే చీలిక పుట్టినది. రాత్రి తొమ్మిది దాటిన తరువాత రాయదుర్గము మెట్రో మెట్లెక్కు యువతీయువకుల వాడిన ముఖములు చూచినప్పుడు ఈ కథను వారికి అన్వయింపవలెనని నా కలము ఉవ్విళ్ళూరును. కాని మనుష్యులను లోహములతో సరిపోల్చుట వ్యాసకర్తలకు మిక్కిలి చౌకగా దొరకు విద్య గనుక మానుకొంటిని.

నన్ను వెంటాడిన సంగతి వేరు. ఏరువాడు గుల్లను చేతబట్టి అడుగు ప్రశ్నలన్నియు కొలతకు, లోహమునకు, రంధ్రమునకు సంబంధించినవే. దీనినుండి వెడలిన గుండు ఎచ్చటికి పోయినదని అతడు అడుగడు. మా మేనల్లుని గుండ్లు కాగితపు గురులను దాటి మట్టికట్టలో దిగినవి గనుక అడుగవలసిన పనియు లేదు. అదే గుల్ల ఫోరెన్సిక్ లాబొరేటరీ బల్లపైకి చేరినచో, పరీక్షకునికి జాతి యొకటే చాలదు. సుత్తిమొన గుంట, వెనుకపలక ఒరిపిడి, బయటికి లాగిన కొక్కెపు గీత సూక్ష్మదర్శినిలో చూచి, ఇది ఫలానా తుపాకినుండియే రాలినదని తేల్చుట అతని పని. ఒకడు సామాన్యమును వెదకును, మరొకడు వ్యక్తిని వెదకును; మొదటివాడు మరచినంతనే అతని పని సాగును, రెండవవాడు మరువనంతవరకే అతని పని సాగును.

ఒక్కొక్కప్పుడు మొదటివాని పొదుపే రెండవవానికి సాక్ష్యమగును. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో డయ్యరు సేన కాల్చిన తూటాలు 1,650 అని చరిత్రలో నిలిచిన సంఖ్య, సిపాయిలు ఏరుకొన్న ఖాళీ గుల్లలను లెక్కించుటవలన వచ్చినదని చెప్పుదురు. ప్రభుత్వము ఒప్పుకొన్న మృతుల సంఖ్య 379. దానిని ఈనాటికిని చాలమంది నమ్మరు. మనుష్యులను లెక్కపెట్టుటలో తడబడిన ఆ ప్రభుత్వము ఇత్తడిని లెక్కపెట్టుటలో తడబడలేదు. ఆ గుల్లలను ఏరినవారికి ధర్మాధర్మవిచారము కలిగినదని నేననుకొనను. దుకాణపు జమాఖర్చు వంటి అలవాటే వారిచేత ఆ పని చేయించినది. అయినను ఆ లెక్క నేటికిని మన చేతిలో నున్నది.

కనుక ఏరువానికి ప్రతి ఖాళీయు ప్రాగభావమే. రేపు నింపబోవు మందు ఇంకను రాలేదని మాత్రమే అతడు చూచును. నైయాయికుడు దీనిని ఒప్పుకొనడు. నిన్న కాలిపోయిన మందు లేమి రేపటి మందుతో తీరదు. రెండును ఒకే గుల్లలో ఒదిగియుండుటయే గాని, ఒకటి మరొకదానిని పూరింపజాలదు. గుల్లను ఎన్నిమారులు నింపినను, మొదటి పేలుడు జరిగినది జరిగినట్లే యుండును. ఈ వాదమున నేను అన్నంభట్టు పక్షమువాడను. మేనల్లునితో ఆ మాట చెప్పగా అతడు నవ్వి, “మీ శాస్త్రం ప్రకారం అయితే ఒక్క గిన్నె కూడా కడిగి వాడుకోలేం మామయ్యా” అనెను. గిన్నెను నిరభ్యంతరముగ కడుగుకొనవచ్చునని నా సమాధానము. గిన్నెలోనుండి వెడలినది ఎవరిని తాకినదను ప్రశ్న సాధారణముగా ఉండదు.

మన దేశమున ఈ చర్చకు గృహస్థుని చేతిలో తావులేదు. 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయరాదు. మందుగుండునకు ఆ చట్టము చెప్పిన నిర్వచనములో దాని భాగములు కూడ చేరియున్నవి. పాతపెట్టెలో తాతగారి జ్ఞాపకముగా త్రీ నాట్ త్రీ గుల్లలు దాచుకొన్న ఇండ్లు మన ప్రాంతమున తక్కువ కావు. అట్టివి మీ ఇంట నున్నచో పోలీసు స్టేషనులో చూపించి వారి సలహా తీసికొనుడు. ఎంత ఖాళీదైనను ఒక్కదానిని కూడ సంచిలో వేసికొని శంషాబాదు విమానాశ్రయమునకు మాత్రము పోకుడు.