జన్యువులూ - నుదుటి వ్రాతా

వంశపారంపర్యమనే మాట మన సంఘంలో రెండు పనులు చేస్తూ వచ్చింది. తండ్రి పోలిక బిడ్డకు ఎలా వచ్చిందో చెప్పడం ఒకటి. ఆ బిడ్డ కష్టానికి సంఘం బాధ్యత లేదనిపించడం రెండోది. మొదటిది విజ్ఞానం. రెండోది వేషం మార్చుకున్న కర్మసిద్ధాంతం.

2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరులో వందలాది జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. వారి వంశాలను ఎవరూ తవ్వలేదు. నీళ్ళను, కూరగాయలను, పురుగుమందులను అనుమానించారు. ఎయిమ్స్ పరీక్షల్లో నెత్తుట సీసం, నికెల్ బయటపడ్డాయి. జబ్బు మూకుమ్మడిగా వస్తే పరిసరాలను విచారిస్తాము. మరొక నరాలజబ్బు ఒక్క ఇంటికే వస్తే, "వాళ్ళ రక్తంలోనే ఉంది" అని చేతులు దులుపుకుంటాము.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అటువంటి జబ్బు. శరీరపు రక్షణశక్తే మెదడులో, వెన్నుపాములో నరాలమీది పొరను దెబ్బతీస్తుంది. చూపు మందగిస్తుంది, కాళ్ళు తడబడతాయి. కొందరికి క్రమంగా నడక పోతుంది. దీనితో సంబంధమున్న జన్యుభేదాలు రెండువందలకు పైగా తెలిశాయి. అయినా ఒకే పిండంనుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సుమారు నాలుగింట ఒక వంతు సందర్భాల్లోనే.

జబ్బు ముదిరే వేగం వేరే సంగతి. 2023లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన పన్నెండువేలమందికి పైగా రోగులను పరిశీలించి, ఆ వేగాన్ని పెంచే ఒక జన్యుభేదాన్ని పట్టుకున్నది. తల్లినుంచీ తండ్రినుంచీ అది సంక్రమించినవారికి చేతికర్ర అవసరం దాదాపు నాలుగేళ్ళు ముందుగా వచ్చింది. ఇది స్వల్పం కాదు. కాని ఎక్కువ ఏళ్ళ చదువు తీవ్రతను తగ్గిస్తుందనీ, పొగతాగడం పెంచుతుందనీ సూచించిందీ ఆ పరిశోధనే. జన్యువులను వెదకబోయినవారికి బడి ఎదురైంది! పైగా ఆ రోగులు యూరపు సంతతివారు. వారి లెక్కను మనకు కొలతగా తీసుకోరాదు.

అసలు ప్రశ్న ఇక్కడ పుడుతుంది. ఏ జన్యువుతో పుట్టామన్నది ఎవరి నేరమూ కాదు. కాని ఇద్దరు రోగులను ఊహించండి: తాడేపల్లిగూడెంలో ఒక ఉపన్యాసకుడు, కొల్లేటి లంకలో ఒక చేపలచెరువు కూలీ. ఇద్దరిదీ ఒకే జన్యువు. మొదటివానికి తొలి తిమ్మిరికే నరాలవైద్యుడు, ఎమ్మారై, జబ్బును నెమ్మదింపజేసే ఖరీదైన మందు. రెండోవాడు తడబడితే తాగాడంటారు, కూలి పోతుంది. పదేళ్ళ తర్వాత వారి నడకలో కనిపించే తేడాను ఏ జన్యువు ఖాతాలో వ్రాయాలి?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు కాగితంమీద ఆగిపోక లంకగ్రామం దాకా వెళ్ళాలి. అభ్యుదయవాదులు జన్యుశాస్త్రాన్ని తిరస్కరించనక్కరలేదు. మార్చలేనిది ఎంతో అది తేల్చిచెప్పినకొద్దీ, మార్చగలిగినదాన్ని మార్చకపోవడానికి మనకు సాకులు తగ్గిపోతాయి.