కంచె నేర్పిన పెత్తనం



"ఎక్కువ తక్కువలు ప్రకృతిలోనే ఉన్నాయండీ. తోడేళ్ల గుంపును చూడండి, పెత్తనం చేసేది ఒకటుంటుంది, అణిగి ఉండేది ఒకటుంటుంది." ఈ మాట మీరూ వినే ఉంటారు. కులాన్ని నేరుగా సమర్థించలేనివాళ్లు ఇలా అడవిని సాక్ష్యానికి పిలుస్తారు. ఆ సాక్ష్యం ఏమిటో చూద్దాం.

నిజానికి ఈ కథ అడవిలో పుట్టలేదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో పుట్టింది. అక్కడ కంచె లోపల ఉంచిన తోడేళ్లను రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త గమనించి, పైస్థానం కోసం అవి పోటీ పడతాయని 1947లో రాశారు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకం ఆ అభిప్రాయాన్ని లోకమంతా పాకించింది. తర్వాత అదే మెక్ 1986 నుంచి 13 వేసవులు కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను దగ్గరగా చూశారు. పైస్థానం కోసం పోట్లాట ఒక్కటీ ఆయన కంటపడలేదు. అది అమ్మా, నాన్నా, పిల్లలూ ఉన్న కుటుంబం, అంతే. 1999లో తన పాత మాటను తానే దిద్దుకున్నారు.

మరి జూలో ఎందుకు కొట్టుకుంటాయి? కారణాన్ని వెతకమన్నది బుద్ధుని దారి. అడవిలో ఎదిగిన పిల్ల తన దారి తాను చూసుకుంటుంది. కంచె లోపల పోవడానికి దారి లేదు. సంబంధం లేనివాటిని తెచ్చి ఒకచోట కలిపితే, దెబ్బతిన్నది మళ్లీ కొట్టినదాని ఎదుటే బతకాలి.

ఇది తెలిసిన సంరక్షకులు ఏం చేస్తారు? ఒకే కుటుంబాన్ని కలిపి ఉంచుతారు. దాక్కోవడానికి చాటు కల్పిస్తారు. మాంసం ఒక్కచోటే కాక నాలుగు చోట్ల వేస్తారు. తల్లి ఈనినప్పుడు జనాన్ని దూరం పెడతారు. కూనలు కళ్లు తెరవకుండానే పుడతాయి. మూడు వారాలకు బొరియ బయటికొచ్చి పెద్దవాటి మూతి నాకుతాయి. అవి తిన్న మాంసాన్ని కక్కి పెడతాయి. తల్లి ఒక్కతే కాదు, తండ్రీ పెడతాడు, ముందు కాన్పు పిల్లలూ పెడతాయి. జంతువు అదే. మారింది దాని చుట్టూ ఉన్న పరిస్థితి.

అయితే ఒక జాగ్రత్త. తోడేలు మంచిదని తేలింది కాబట్టి సమానత్వం సరైనది అనకండి. రేపు ఇంకో జంతువును చూపించి అసమానతే సరైనదంటారు. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు ఈ చిక్కు ముందే విప్పాడు. గడ్డికీ, చెట్లకీ, పురుగులకీ, జంతువులకీ పుట్టుకతో వేర్వేరు గుర్తులున్నాయి గానీ, మనిషికీ మనిషికీ మధ్య అలాంటి గుర్తు లేదని ఆయన బోధ.

ఇక మన సంగతి. నిచ్చెనమెట్ల అసమానత అనే కంచెను మనం కట్టలేదు. కానీ తరతరాలు అందులోనే బతికాం. ఆ కంచె నేర్పిన అలవాట్లు మనలో మిగిలిపోలేదా? 22 ప్రతిజ్ఞలు చదివిన ఇంట్లోనే పెళ్లి సంబంధం రాగానే "మనోళ్లేనా? ఏ శాఖ?" అని అడుగుతున్నామా లేదా? బాబాసాహెబ్ మనల్ని బయటికి తెచ్చారు. ఆ కంచెను మళ్లీ మన ఇంటి చుట్టూ మనమే పాతుకోవద్దు.

ఈ పౌర్ణమికి విహారానికి వెళ్లే ముందు ఆ ఒక్క ప్రశ్నా మిమ్మల్ని మీరు అడుగుకోండి.

నమో బుద్ధాయ! జై భీమ్!