తర్కాభ్యాసము – సత్యనిష్ఠ

న్యాయశాస్త్రము నభ్యసింపగోరు యువజనులు నేడు విద్యాలయప్రవేశమునకు ముందుగా తర్కప్రశ్నల యెదుట నెలల తరబడి కూర్చుండవలసి వచ్చుచున్నది. హైదరాబాదులోని నల్సార్‌లోనో, విశాఖపట్టణపు దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయవిశ్వవిద్యాలయములోనో చేరదలచిన తెలుగు విద్యార్థి, 2008 నుండి జరుగుచున్న క్లాట్ పరీక్షలో 120 నిమిషములలో 120 ప్రశ్నల నెదుర్కొనవలెను. ఒక్కొక్క తప్పునకు పావు మార్కు పోవును. అమెరికాలో చదువగోరువారు వ్రాయు ఎల్‌శాట్ 1948లో ఆరంభమైనది; 2024 ఆగస్టులో దానినుండి పజిళ్ల విభాగమును తొలగించి, గణనకు వచ్చు తర్కవిభాగములను రెండు చేసిరి. దేశములు వేరైనను ఈ పరీక్షలలోని తర్కప్రశ్నలను శాసించు నియమ మొక్కటియే: ఇచ్చిన ఆధారవాక్యములు లోకమున సత్యములగునా కావా యని విచారింపక, వానిని సత్యములుగా నంగీకరించి, వానినుండి యేమి సిద్ధించునో, ఏమి సిద్ధింపదో మాత్రమే చెప్పవలెను. సత్యమునకు మించిన ధర్మము లేదని నమ్మినవానికి ఇచ్చట నొక సంశయము కలుగక మానదు. అసత్యమని తానెరిగిన దానిని సైతము సత్యమని యంగీకరించి తర్కించుట మనస్సును శుద్ధి చేయునా, లేక మాటల నేర్పును పెంచి సత్యమునందలి భక్తిని సడలించునా?

తర్కమును సంశయించుట మనకు క్రొత్త కాదు. ఆత్మజ్ఞానము తర్కముచేత లభించునది కాదని కఠోపనిషత్తున యముడు నచికేతునకు బోధించెను. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయమున తర్కమునకు ప్రతిష్ఠ లేదను మాట గలదు. ఒక మేధావి సాధించిన దానిని వానిని మించిన మేధావి పడగొట్టుచుండగా దానికి నిలుకడ యెక్కడిదని దాని భావము. ఐనను, ఆ సూత్రమునకు భాష్యము వ్రాయుచు శంకరులు, తర్కమునకు ప్రతిష్ఠ లేదను నిర్ణయమును గూడ తర్కముచేతనే స్థాపింపవలసి యున్నదను ఆక్షేపమును మరుగుపరుపక ప్రస్తావించిరి. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణముతో పాటు మననమును విధించెను. మననమనగా విన్నదానిని యుక్తులతో పరిశీలించుటయే కదా. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుని గూర్చిన తర్కవిచారణనే మననమనియు, ఉపాసనమనియు పేర్కొనెను. ఇట్లు చూడగా మన పూర్వులు నిరాకరించినది తర్కమును గాదు, తర్కమునకు దాని హద్దు తెలియని యహంకారమును.

ఆ హద్దు నత్యంత స్పష్టముగా చూపినవాడు మన యాంధ్రుడైన అన్నంభట్టు. పదునేడవ శతాబ్దికి చెందిన యాతని తర్కసంగ్రహము నేటికిని న్యాయదర్శనమునకు తొలిమెట్టుగా పఠింపబడుచున్నది. అందు అయథార్థానుభవమును మూడు విధములుగా విభజించునపుడు సంశయ విపర్యయములతో పాటు తర్కమును గూడ చేర్చుట ప్రథమపాఠకుని నాశ్చర్యపరచును. తర్కసంగ్రహమని పేరుగల గ్రంథమే తర్కమును అయథార్థమనుచున్నదే యని వాడు తెల్లబోవును. కారణ మిది: పర్వతమున నిప్పు లేకపోయినచో పొగయు ఉండెడిది కాదని మనము తర్కించునపుడు, నిప్పు లేదను మాటను, అది వాస్తవము గాదని యెరిగియే, కొంతసేపు ఆరోపించుకొనుచున్నాము. ఇట్లు బుద్ధిపూర్వకముగా, ఇచ్ఛతో చేయు నారోపమును ఆ దర్శనమువారైన నైయాయికులు ఆహార్యమనిరి. త్రాటిని చూచి పామని భ్రమించువాడు మోసపోవుచున్నాడు. ఆహార్యమైన యారోపము చేయువాడు మోసపోవుటలేదు, మోసగించుటయు లేదు. పరీక్షలోని కల్పితవాక్యమును సత్యమని యంగీకరించు విద్యార్థి చేయునది సరిగా నిదియే. కావున అతని యంగీకారము అసత్యము గాదు. సత్యమును కనుగొనుటకై తెలిసి వేసికొన్న నిచ్చెన.

ఒక ప్రశ్నను పరిశీలింతము. ఒక నగరమున ద్విచక్రవాహనములు నడుపువారందరు హెల్మెట్టు ధరింపవలెనని శాసించిరి. శాసనము కఠినముగా నమలు జరిగిన సంవత్సరమున తలగాయములతో ఆసుపత్రులలో చేరినవారి సంఖ్య పెరిగినది. కనుక హెల్మెట్టువలన ప్రయోజనము లేదని యొకడు వాదించెను. ఇందలి దోషమేమి? ఆ శాసన మిష్టము లేనివాడు ఈ వాదము చదివినంతనే తల యూపును. ఇష్టమైనవాడు ఆ లెక్కలే తప్పై యుండునని త్రోసివేయును. ఇరువురును ప్రశ్నను విడిచి తమ యభిప్రాయమునకే సమాధాన మిచ్చుకొనుచున్నారు. లెక్కలను నిజములుగా నంగీకరించి, నిదానముగా ఆలోచించువానికి మాత్రమే, వెనుకటి కాలమున ప్రమాదస్థలమందే ప్రాణములు విడిచి ఆసుపత్రి ముఖము చూడనివారు, ఇప్పుడు హెల్మెట్టు మూలమున బ్రతికి గాయములతో వచ్చి చేరుచుండవచ్చునని స్ఫురించును. అప్పుడు ఏ సంఖ్య ప్రయోజనము లేదనుటకు హేతువుగా చూపబడినదో, ఆ సంఖ్యయే ప్రయోజనమునకు సాక్ష్యము కాగలదు. ఈ స్ఫురణకు అసాధారణమైన మేధ యక్కరలేదు; తన ఇష్టానిష్టములను ఒక నిమిషము ప్రక్కన నుంచగల నిగ్రహము చాలును. ఆ నిగ్రహమే దుర్లభము.

కఠినమైన తర్కప్రశ్నలలోని కాఠిన్యము చాలవరకు ఇట్టిదే యని నా విశ్వాసము. పరీక్ష కూర్చువారు ఆకర్షణీయమైన తప్పు సమాధానమును తరచుగా పచ్చి యబద్ధముగా కూర్పరు. లోకమున నిజమైన మాటనే, వినుటకు ధర్మసమ్మతమైన మాటనే, ప్రస్తుత వాదమునుండి సిద్ధింపని దానినిగా చూచి యుంచుదురు. మనకు నచ్చిన మాట కనబడగనే చేయి దానివైపు పోవును. ఆధారవాక్యమున ‘కొంద’రని యుండగా సమాధానమున ‘అంద’రని యున్నను, ‘కావచ్చు’ననుట ‘అగు’ననుటగా మారినను, అభిమానము ఆ భేదమును కననీయదు. రాగద్వేషములు బుద్ధిని కప్పునని వేదాంతులు చెప్పినపుడు అది సన్న్యాసుల కుద్దేశింపబడిన బోధ యని మనము తలతుము. క్లాట్ ప్రశ్నపత్రము ముందు పదునేడేండ్ల బాలునకును అది ప్రత్యక్షమగుచున్నది.

ఇక మరియొక విధమైన దోషము గలదు. న్యాయవాదవృత్తికి పట్టా యావశ్యకము. ఇతనికి పట్టా గలదు. కనుక ఇతడు న్యాయవాది యగును, అను వాదమును పరిహాసముగా త్రోసివేయువారే, అదే నిర్మాణముగల వాదము నాలుగు చిక్కని వాక్యములలో పొదిగియుండగా గుర్తింపజాలరు. ఆవశ్యకమైనది వేరు, చాలునది వేరు. నైయాయికులు దీనినే పొగ నిప్పుల యుదాహరణముతో విచారించిరి. పొగ యున్నచోట నిప్పు తప్పక యుండును. నిప్పున్నచోట నెల్ల పొగ యుండవలెనను నియమము లేదు, ఎర్రగా కాలిన యినుపగుండునందు నిప్పుండియు పొగ లేదు గనుక. నిప్పునుండి పొగ పుట్టుటకు తడికట్టెల సంయోగము కావలెను. ఈ మరుగుపడిన నిబంధనమును వారు ఉపాధి యనిరి. వాది పైకి చెప్పక లోలోన నమ్ముకొన్న నిబంధనమును వెదకి పట్టుమని నేటి ప్రశ్నపత్రములు కోరునపుడు, అవి కోరునది ఉపాధిని శోధించు ఈ ప్రాచీనవిద్యకు సన్నిహితమైన దానినే. ఊహించిన నిబంధనమును లేదని భావించి చూడుము, వాదము కూలిపోయినచో అదియే దాని కాధారము, అని నేటి యుపాధ్యాయులు నేర్పు పద్ధతియు, నిప్పు లేనిచో పొగ యుండదను తర్కపు నడకయు ఒక్క జాతివే.

అయినను నేర్పు వేరు, ధర్మము వేరు. గౌతముడు న్యాయసూత్రములలో చర్చను వాద జల్ప వితండలని మూడు తెరగులుగా వివరించెను. తత్త్వమును తెలిసికొనగోరి ఇరుపక్షములవారు ప్రమాణతర్కములతో జరుపునది వాదము. ఛలముచేతనైనను గెలువగోరి చేయునది జల్పము. తనకొక పక్షము నిలుపుకొనక పరపక్షమును మాత్రము ఖండించునది వితండ. ఈ మూడు వైఖరులును ఒంటరిగా చదువుకొను విద్యార్థి గదిలోనే కానవచ్చును. సమాధానముల కీ చూచి, మార్కులు లెక్కించి, తప్పిన ప్రశ్నను శపించి ముందుకు సాగువాడు జల్పమున నున్నాడు. మూడు సమాధానములను కొట్టివేసి, మిగిలిన దానిని, అది యేల నిలుచునో చెప్పజాలకయే గుర్తుపెట్టువాడు వితండకు సమీపమున నున్నాడు. కీ చూడకమునుపే, గడియారమును ప్రక్కన పెట్టి, సంశయము కలిగించిన ప్రతి ప్రశ్నను మరల విప్పి, తా నెన్నుకొన్న సమాధానమునకు హేతువును, విడిచిన ప్రతిదానికి దోషమును వ్రాసికొనువాడు తనతో తానే వాదము చేయుచున్నాడు. పక్షప్రతిపక్షముల రెంటిని విమర్శించిన పిదప అర్థమును నిశ్చయించుటయే నిర్ణయమని గౌతముని లక్షణము. నన్ను మోసగించిన సమాధానము నాలోని యే కోరికను మెప్పించినదని యడుగనివానికి నిర్ణయము దొరకదు; అదృష్టముచేత మార్కు దొరకవచ్చును.

ఇంత సూక్ష్మవిచారణకు పరీక్షాసమయ మెక్కడిదని యెవరైన నాక్షేపింపవచ్చును. నిజమే, క్లాట్‌లో ప్రశ్నకు సగటున నిమిష మొక్కటియే. కాని పరీక్షాసమయమున త్వరితముగా పనిచేయునది అభ్యాససమయమున నెమ్మదిగా ఏర్పడిన సంస్కారమే. తొందరను అభ్యసించినవానికి తొందరయే మిగులును. వివేకము నభ్యసించినవానికి క్రమముగా వేగము గూడ వచ్చును.

ఈ విచారణకు న్యాయవృత్తిలో నున్న ప్రాముఖ్యము చెప్పనలవి కాదు. రేపు ఈ విద్యార్థి నల్లకోటు ధరించి, తనకు రుచింపని కక్షిదారుని పక్షమున నిలువవలసి వచ్చును; లేదా న్యాయపీఠమున గూర్చుండి, తన మనస్సునకు హేయమైన ముద్దాయి చెప్పుకొను మాటను తుదివరకు వినవలసి వచ్చును. అనుమానము బలముగా నున్నను సాక్ష్యమునుండి నేరము సిద్ధింపనపుడు సిద్ధింపలేదని చెప్పగల ధైర్యము అకస్మాత్తుగా పుట్టదు. యువకుడై యుండగా, ఒక కల్పిత నగరపు కల్పిత లెక్కలను తన యభిమానమునకు విరుద్ధముగా అంగీకరించి, వానినుండి యెంత సిద్ధించునో అంతయే చెప్పుటకు అలవడిన మనస్సుననే ఆ ధైర్యమునకు బీజము పడును. ఆహార్యమును ఆహార్యమని మరువనంతవరకు ఈ యభ్యాసము సత్యమునకు సేవ. తన నేర్పునే సత్యమని భ్రమించి, ఏ పక్షమునైన నిలుపగలనను గర్వమునకు లోబడిన దినమున, అదే విద్య అధర్మమునకు ఆయుధమగును. ఈ రెంటిలో నేది యగునన్నది ప్రశ్నపత్రము నిర్ణయించునది కాదు. చదువువాని సంకల్పము నిర్ణయించును.

కావున న్యాయవిద్యార్థులకు నా మనవి యిది. కఠినమైన ప్రశ్నను శత్రువుగా చూడకుడు. మీకు నచ్చని పక్షమును దాని పూర్తిబలముతో వినుటకు లభించిన యవకాశముగా చూడుడు. తప్పిన ప్రశ్నను దాటిపోక, అది మీ బుద్ధిలో నేయే యభిమానములను బయలుపెట్టినదో విచారింపుడు. ఇట్లు చదివినవారికి కోరిన విద్యాలయమున స్థానము దొరకినను దొరకకున్నను, ప్రతికూలమైన మాటను న్యాయముగా తూచగల శక్తి తప్పక లభించును; న్యాయవాదికి గాని న్యాయాధిపతికి గాని అంతకంటె ముఖ్యమైన యర్హత వేరొకటి లేదు.